వెదురు ఫ్లోరింగ్ వేయిస్తున్నారా? ముందు ఫినిష్ తేల్చుకోండి, రంగు సంగతి తర్వాత

"అన్నా, వెదురు ఫ్లోరింగ్‌లో ఇప్పుడు ఏ రంగు నడుస్తోంది?" బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, మన దక్షిణ ఒడిశాలో ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా మొదటి ప్రశ్న ఇదే. వెనకాలే ఒక ఫోటో వస్తుంది. ఏదో చలిదేశంలో ఇల్లు, బూడిద రంగు నేల, తెల్ల సోఫా, ఆ నేల మీద మనిషి అడుగు పడ్డ జాడే ఉండదు. మాక్కూడా ఇలాంటిదే కావాలి అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా, ఇక అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

2023 మే 28న కొత్త పార్లమెంటు భవనం తెరిచారు కదా, అందులో త్రిపుర వెదురు ఫ్లోరింగ్ వేశారని వార్తల్లో వచ్చినప్పటినుంచి మన వైపు కూడా అడిగేవాళ్ళు పెరిగారు. మంచిదే. మనకి వెదురు కొత్తేం కాదు, చాటలు, బుట్టలు, తడికలు, పెళ్ళి పందిరి, అన్నీ దాంతోనే. కానీ తడిక వేరు, కాళ్ళ కింద నేల వేరు, ఇక్కడ రంగు తప్పితే ఇరవై ఏళ్ళు రోజూ చూసి బాధపడాలి.

ఏం నడుస్తోందో ముందే చెప్పేస్తా, ఆ ఆత్రం తీరిపోతుంది. మెరుపు లేని మ్యాట్, కొద్దిపాటి మెరుపున్న శాటిన్ ఫినిష్‌లదే ఇప్పుడు రోజు. రంగుల్లో లేత గడ్డి రంగు, తేనె రంగు, నడిమి గోధుమ రంగు ఎక్కువగా అడుగుతున్నారు. లేత, ముదురు నారలు కలిపి నొక్కిన చారల పలకలు కొన్ని ఉంటాయి, షాపువాళ్ళు టైగర్ అంటారు, అవీ బాగానే పోతున్నాయి. వైరుతో గీకి కొద్దిగా గరుకు తెప్పించిన బ్రష్డ్ ఫినిష్ వచ్చింది. కాఫీ డికాక్షన్ రంగులో నిగనిగలాడే నేల ఒకప్పుడు గొప్ప, ఇప్పుడు తగ్గింది. బూడిద రంగు ఊపుగా వచ్చి మళ్ళీ వెనక్కి పోతోంది, అది పోతున్నందుకు నాకైతే సంతోషమే, ఎందుకో కింద చెప్తా.

దగ్గర ఏం ఉండాలి

- శాంపిల్స్ మూడు. అరచేతిలో పట్టే చిన్న ముక్కలు కాదు, కనీసం రెండడుగుల పలకలు. ఇవ్వనంటే డిపాజిట్ కట్టి తెచ్చుకోండి.
- పారదర్శకంగా ఉండే మందపాటి ప్లాస్టిక్ షీటు, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు. చుట్టూ అంటించడానికి టేపు.
- గాలిలో తేమ చూపించే చిన్న మీటరు. ఆన్‌లైన్లో చవగ్గానే దొరుకుతుంది. గడియారంలా గోడకి పెట్టేయొచ్చు, తర్వాత కూడా పనికొస్తుంది.
- ఆరడుగుల అల్యూమినియం బద్ద, మేస్త్రీ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి.
- పసుపు, కుంకుమ, దీపం నూనె, టీ. ఇవి ఇంట్లోవే.
- పదిహేను రోజుల ఓపిక. ఇది కొట్లో దొరకదు.

1. ముందు ఇల్లు చూడండి, క్యాటలాగ్ తర్వాత

కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఎండ ఏ వైపు నుంచి ఎంతసేపు పడుతుంది. ఇల్లు కింది అంతస్తా, పైదా. గుమ్మం బయట ఇసుకా, ఎర్రమట్టా, సిమెంటా. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు తుడిచేది ఎవరు, ఎలా తుడుస్తారు. బకెట్లో ఫినాయిల్ కలిపి నీళ్ళోడుతున్న గుడ్డతో తుడిచే అలవాటు మారదు అనుకుంటే ఇక్కడే ఆగిపోండి, టైల్స్ వేయించుకోండి. కోపం తెచ్చుకోకండి, డబ్బు మీదే కాబట్టి చెప్తున్నా.

వేయకూడని చోట్లు: బాత్రూం, గిన్నెలు తోమే చోటు, గోపాలపూర్ దారిలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో కింది అంతస్తు. తుఫాను వచ్చి నీళ్ళు గుమ్మం దాటాయంటే వెదురు ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ కిందికి దిగదు. 2018లో తిత్లీ చూశాం కదా మనం. పూజగది కూడా వద్దంటాను, అభిషేకం నీళ్ళు, నూనె, కర్పూరం, అన్నీ అక్కడే. గుమ్మం లోపల రెండడుగులు టైల్ ఉంచేసి అక్కడి నుంచి వెదురు మొదలుపెడితే ముగ్గు పిండి, కాళ్ళ ఇసుక చాలావరకు టైల్ మీదే ఆగిపోతాయి, చూడ్డానికీ బాగుంటుంది.

2. పలక ఎలా తయారయిందో తెలుసుకోండి

మూడు రకాలు. బద్దలు పడుకోబెట్టి అతికించినవి హారిజాంటల్, వీటిలో కణుపులు స్పష్టంగా కనబడతాయి, చూడగానే వెదురని తెలిసిపోతుంది. బద్దలు నిలబెట్టి అతికించినవి వర్టికల్, సన్నటి గీతల్లా ఉంటాయి. వెదుర్ని నారగా చీల్చి జిగురు కలిపి విపరీతమైన ఒత్తిడితో నొక్కినవి స్ట్రాండ్, ఇవి దాదాపు చెక్కలాగే కనబడతాయి, మిగతా రెండిటికన్నా బాగా గట్టివి. జంకా అనే గట్టిదనం కొలతలో మామూలు లేత రంగు వెదురు 1300 పైన ఉంటుంది, స్ట్రాండ్ 3000 దాటుతుంది. పిల్లలు, కుక్కలు, ఈడ్చే కుర్చీలు ఉన్న ఇంట్లో స్ట్రాండ్ తప్ప వేరేది వద్దు.

ఇక రంగు మూడు దారుల్లో వస్తుంది, ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

లేత గడ్డి రంగు వెదురుకి సహజంగా ఉన్నదే. తేనె నుంచి కాఫీ దాకా పోయే గోధుమ రంగులు కార్బనైజ్ చేసినవి, అంటే ఆవిరితో ఒత్తిడిలో ఉడికిస్తే లోపలున్న చక్కెర మాడి రంగు వస్తుంది, బెల్లం పాకం ముదిరితే నల్లబడినట్టు. ఆ రంగు లోపలిదాకా ఉంటుంది కాబట్టి గీత పడ్డా తెల్లగా కనబడదు. కానీ ఎంత ఉడికిస్తే అంత మెత్తబడుతుంది, మామూలు వెదురు 1300 పైన ఉంటే ఇది 1100, 1200 దగ్గరికి దిగుతుంది. మూడోది పైన పూసిన రంగు. బూడిద, తెలుపు, నలుపు, వాల్‌నట్ అని చెప్పేవాటిలో చాలావరకు ఇవే. గీత పడిందంటే కింద లేత వెదురు పళ్ళు ఇకిలిస్తుంది.

కనిపెట్టడం తేలిక. పలకని అడ్డంగా కోసిన చివర చూడండి. పైనా లోపలా ఒకటే రంగయితే కార్బనైజ్డ్, పైన ముదురు లోపల లేత అయితే పూసినది. షాపులో అబ్బాయి "మొత్తం ఒకటే సార్" అంటాడు, మీరు చివర చూడండి అంతే.

ఇంకో సంగతి, కొన్ని పలకల్లో పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే వెదురు, కింద ప్లైవుడ్డో నొక్కిన చెక్క పొడో ఉంటుంది. అది మోసం కాదు, తేమ మార్పులకి ప్లైవుడ్ ఉన్నవి ఇంకా కదలకుండా ఉంటాయి కూడా. కాకపోతే తర్వాత గీకి మళ్ళీ పాలిష్ చేయించాలంటే ఒకసారికి మించి కుదరదు, పై పొర మరీ పల్చనైతే ఆ ఒక్కసారీ కుదరదు.

3. మెరుపు ఎంత కావాలో తేల్చండి

ఇది రంగు కన్నా ముందు. మెరుపుకి కూడా నంబర్లు ఉన్నాయి, డబ్బా మీదో కాగితంలోనో రాసుంటుంది. సుమారుగా 10 నుంచి 25 మ్యాట్, 30 నుంచి 40 శాటిన్, 50 చుట్టుపక్కల సెమీ గ్లాస్, 70 దాటితే గ్లాసీ. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

మెరుపు పెరిగేకొద్దీ ప్రతి గీతా, ప్రతి అడుగూ, కిటికీలోంచి వచ్చే వెలుగులో లేచి కూర్చుంటాయి. పర్లాకిమిడిలో ఒక పిన్నిగారు ఎంత చెప్పినా వినలేదు. "అద్దంలా మెరవాలి బాబూ, మా అత్తగారింటి ఎర్ర గచ్చు చూడలేదేటి నువ్వు, మొహం కనబడేది" అన్నారు. నేను వాదించలేదు. ఒక గ్లాసీ పలక, ఒక మ్యాట్ పలక, రెండూ ఒకటే రంగు, వాళ్ళ హాలు గుమ్మం దగ్గర పక్కపక్కన పెట్టి, వీటి మీదనుంచే నడవండి పిన్నీ, తీసేయకండి అని చెప్పి వచ్చేశాను. నాలుగో రోజు ఫోన్. "ఆ మెరిసేదాన్ని పట్టుకుపో బాబూ, నా కాళ్ళే కాదు, దానిమీద బల్లి కాళ్ళు కూడా కనబడుతున్నాయి." శాటిన్ వేశాం. ఇప్పటికీ బాగుంది.

నా సలహా: హాలుకి మ్యాట్ లేదా శాటిన్, పడకగదికి శాటిన్. గ్లాసీ కావాలనే ఉంటే చెప్పుల్లేకుండా తిరిగే, ఎండ నేరుగా పడని గదిలో, లేత రంగులోనే వేయండి.

ఇక పూత సంగతి. ఫ్యాక్టరీలోనే పాలీయురేతేన్ పూసి అతినీలలోహిత దీపాల కింద గట్టిపరిచినవి ఒక రకం, అందులో అల్యూమినియం ఆక్సైడ్ కలిపితే అరుగుదల బాగా తట్టుకుంటుంది. ఇంకోటి ఆయిల్ ఫినిష్. చెయ్యి పెడితే చెక్కని తాకినట్టే ఉంటుంది, గీత పడ్డ చోట మాత్రమే కొంచెం ఆయిల్ రుద్ది సరిచేసుకోవచ్చు, కానీ ఒకటి రెండేళ్ళకోసారి మొత్తం మళ్ళీ పట్టించాలి. ఇంట్లో ఒకరికి ఆ శ్రద్ధ ఉంటే ఆయిల్ అందం వేరు. లేకపోతే ఫ్యాక్టరీ పూతే తీసుకోండి.

హెచ్చరిక: బ్రష్డ్ గరుకు ఫినిష్ మరీ లోతుగా ఉన్నది వద్దు. ఆ గాడుల్లో మన ఎర్రమట్టి దుమ్ము కూర్చుంటే లేత రంగు పలక ఆరు నెలల్లో మాసిన బనీనులా తయారవుతుంది. వేలితో అడ్డంగా రాయండి, గోరు తట్టుకుంటే లోతు ఎక్కువన్నమాట.

4. ఇప్పుడు రంగు

బరంపురం పట్టుచీర కొనేటప్పుడు ఏం చేస్తాం? కొట్లో దీపాల కింద చూసి ఊరుకోం కదా, గుమ్మం బయటికి పట్టుకొచ్చి ఎండలో తిప్పి చూస్తాం. నేలకి మాత్రం ఫోన్లో ఫోటో చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఎందుకో మరి.

మూడు పలకలూ ఇంటికి తెచ్చి, ఏ గదిలో వేస్తారో ఆ గదిలో, నేల మీదే పెట్టండి. గోడకి నిలబెట్టి చూడొద్దు, నిలబెడితే వెలుగు వేరేలా పడి రంగు వేరేలా కనిపిస్తుంది. పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైట్లు వేశాక, నాలుగుసార్లు చూడండి. పక్కన తలుపు చెక్క, సోఫా గుడ్డ, గోడ రంగు కూడా చూపులో పడాలి.

రాత్రి పరీక్షలోనే ఎక్కువమంది ఫెయిలవుతారు. మన ఇళ్ళలో చాలావరకు 6500 కెల్విన్ తెల్ల లైట్లే, చల్లటి నీలి తెలుపు. ఆ వెలుగులో బూడిద రంగు నేల ఆసుపత్రి వరండాలా ఉంటుంది, చూశారా, అందుకే నాకది నచ్చదు. ఫోటోలో అంత అందంగా ఉన్నది ఎందుకంటే అక్కడ 3000 కెల్విన్ పసుపు వెలుగు, పైగా పెద్ద కిటికీలు. బూడిదే కావాలంటే ముందు లైట్లు మార్చండి, 3000 లేదా 4000వి పెట్టి అప్పుడు చూడండి. తేనె రంగు, నడిమి గోధుమ మాత్రం ఏ వెలుగులోనైనా ఫర్వాలేదనిపిస్తాయి.

ఏ ఇంటికి ఏది? గది చిన్నది, వెలుగు తక్కువ అయితే లేత గడ్డి రంగు. మన దుమ్ము కూడా లేత గోధుమే కాబట్టి దీనిమీద రెండు రోజులు తుడవకపోయినా పెద్దగా తెలీదు. పాత టేకు, గుగ్గిలం చెక్క తలుపులు ఉన్న ఇల్లయితే నేలని అచ్చం తలుపు రంగుకే కలపాలని చూడొద్దు. సరిగ్గా కలవదు, కలిసీ కలవనట్టుంటే చూసినవాళ్ళకి ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది. రెండు మెట్లు లేతగా వెళ్ళండి, అప్పుడు కావాలనే చేసినట్టుంటుంది. టైగర్ చారలు హాలుకి బాగుంటాయి, గీతలు, మరకలు అన్నీ ఆ చారల్లో కలిసిపోతాయి, పిల్లలున్న ఇంటికి దీన్ని మించింది లేదు. కానీ సోఫా, కర్టెన్లు కూడా డిజైన్లవి అయితే కళ్ళు తిరుగుతాయి. ముదురు రంగు పెద్ద గదికే. దానిమీద దుమ్ము, తెల్ల వెంట్రుక, ముగ్గు పిండి, అన్నీ కనబడతాయి, రోజుకి రెండుసార్లు ఊడ్చే ఓపిక ఉండాలి.

5. పలకని హింసించండి

ఒక శాంపిల్ బలిపశువు. దానిమీద వరసగా పసుపు నీళ్ళు, కుంకుమ తడి, నూనె, టీ, ఒక్కో చుక్క వేసి రెండు గంటలు వదిలేయండి. తర్వాత తడి పిండేసిన గుడ్డతో తుడవండి. ఫ్యాక్టరీ పూత బాగుంటే ఏదీ అంటకూడదు. పసుపు కొంచెం మిగిలితే కంగారొద్దు, ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, రెండు రోజులు కిటికీ దగ్గర పెట్టి చూడండి. కుంకుమ మిగిలిందంటే పూతలో సన్నటి రంధ్రాలున్నట్టే, ఆ సరుకు వద్దు. ఆయిల్ ఫినిష్ అయితే రెండు గంటలు కాదు, పది నిమిషాలు చాలు, దానికంత పరీక్ష అన్యాయం.

తర్వాత తాళంచెవితో ఒక గీత, మామూలుగా జేబులోంచి జారి పడ్డంత బలంతో. చిటికెడు ఇసుక వేసి చెప్పుకాలితో నాలుగుసార్లు రుద్దండి. గీత పడుతుంది, పడకుండా ఉండే నేల లేదు. నిలబడి చూస్తే కనబడుతోందా, వంగి చూస్తేనే కనబడుతోందా అన్నదే లెక్క. వంగితేనే కనబడితే పాస్.

చివరగా ఒక ముక్కని రాత్రంతా నీళ్ళలో వేసి పొద్దున్న చూడండి. అంచులు కొంచెం ఉబ్బడం మామూలే. పొరలు విడిపోయినా, ముక్కు మండేంత జిగురు వాసన వచ్చినా ఆ షాపుకి దణ్ణం పెట్టేయండి.

6. ఎండ పరీక్ష, దీన్ని మాత్రం వదలొద్దు

ఇది నా సొంత ఇంట్లో నేర్చుకున్న పాఠం. పడమటి బాల్కనీ హాలు, కాఫీ రంగు కార్బనైజ్డ్ వేయించుకున్నా, అప్పట్లో అదే ఫ్యాషన్. దసరాకి మధ్యలో తివాచీ పరిచాం. ఏప్రిల్‌లో దులుపుదామని తీస్తే దాని కింద నాలుగు మూలలూ కొలిచి గీసినట్టు ముదురు కాఫీ రంగు, చుట్టూ అంతా పాలు ఎక్కువైన టీ రంగు. మా పాప చూసి "నాన్నా, కార్పెట్ తీసినా దాని నీడ ఇక్కడే ఉండిపోయింది" అంది. అదే సైజు తివాచీ అక్కడే మళ్ళీ పరిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నా, ఇంకేం చేస్తాం.

ఏం జరుగుతుందంటే, ఎండకి కార్బనైజ్డ్ రంగు వెలిసి లేతబడుతుంది, సహజ లేత రంగు మాత్రం తిరగబడి ముదిరి పసుపెక్కుతుంది. రెండూ మారతాయి, దారి వేరు. అందుకే శాంపిల్ సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఎండ బాగా పడే కిటికీ దగ్గర పది పదిహేను రోజులు పెట్టండి. విప్పి చూస్తే తేడా తెలుస్తుంది. తేడా చూసి "సరే, ఈ రంగుకి మారినా నాకిష్టమే" అనుకుంటేనే కొనండి. కొన్నాక మొదటి ఏడాది తివాచీలు, చాపలు, తేలిగ్గా కదిలే కుర్చీలు నెలకోసారి జరుపుతూ ఉంటే మొత్తం ఒక్కలాగే మారుతుంది. పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ ఎలాగూ కావాలి, బరంపురం ఎండకి నేల కోసం కాకపోయినా మనకోసమైనా.

7. కింద నేల చూసుకోండి

రంగు గురించి రాస్తూ ఇదెందుకంటారేమో. తేమ వస్తే మొదట పాడయ్యేది రంగే, అంచులు నల్లబడతాయి.

ప్లాస్టిక్ షీటు నేలకి వేసి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించండి, కనీసం 16 గంటలు, నేనైతే రెండు రాత్రులు ఉంచుతా. ఎత్తి చూస్తే లోపల నీటి చుక్కలున్నా, కింద సిమెంటు ముదురు రంగులోకి మారినా ఇంకా తేమ ఉందని అర్థం, ఆగాలి. కొత్త స్లాబయితే మేస్త్రీ "కిఛి హెబ ని" అంటాడు, ఏం కాదులే అని, అతనికేం, పని చేసి వెళ్ళిపోతాడు. కింది అంతస్తయితే ఈ పరీక్ష మూడు చోట్ల చేయండి, బాత్రూం గోడ పక్కన తప్పకుండా.

అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి కింద వెలుగు చూడండి. ఆరడుగులకి రెండు మిల్లీమీటర్లు దాటి సందు కనబడితే లెవెల్ చేయించాలి. ఎత్తుపల్లాలున్న చోట నడిస్తే చప్పుడొస్తుంది, పలక అంచుల దగ్గర పూత తొందరగా రాలుతుంది. చెదల మందు కొట్టించని ఇల్లయితే ఇప్పుడే కొట్టించేయండి, వెదురులో ఉండే పిండి పదార్థం పురుగుకి విందు.

8. ఆర్డర్

లెక్క ఇలా. 12 అడుగులు, 14 అడుగుల గది 168 చదరపు అడుగులు. నేరుగా వేస్తే వృథా కోసం పది శాతం కలపండి, సుమారు 185. ఈ మధ్య ఫ్యాషనైన చేపముల్లు డిజైన్ అయితే పదిహేను శాతం. డబ్బాకి 22 చదరపు అడుగులు ఉంటే 185కి తొమ్మిది డబ్బాలు, దాచుకోడానికి ఇంకోటి, మొత్తం పది.

అన్ని డబ్బాలమీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. ఇది బిల్లు మీద రాయించుకోండి. రెండు బ్యాచ్‌ల కార్బనైజ్డ్ ఎప్పుడూ ఒకే రంగు రాదు, ఒక వాయికి ఇంకో వాయికి జంతికల రంగు మారినట్టే. అంచు పట్టీలు, గుమ్మం పట్టీలు కూడా అప్పుడే తీసుకోండి. తర్వాత వెతికితే అదే రంగు దొరకదు, చివరికి ప్లాస్టిక్ పట్టీ వేసి ఇంత ఖర్చూ చెడగొట్టుకుంటారు.

9. ఇంట్లో అలవాటు పడనివ్వండి

సరుకు వచ్చిన రోజే వేసేయమని తొందరపెట్టొద్దు. ఏ గదిలో వేస్తారో అదే గదిలో, డబ్బాల చివర్లు తెరిచి, నేలకి తగలకుండా చెక్కల మీద పడుకోబెట్టి పెట్టండి. మామూలు వెదురుకి కనీసం మూడు నాలుగు రోజులు, స్ట్రాండ్‌కి పది పదిహేను రోజులు. స్ట్రాండ్ గట్టిగా ఉంటుంది కాబట్టి తేమ పీల్చుకోడానికీ వదలడానికీ ఎక్కువ రోజులు పడుతుంది. కంపెనీ కాగితంలో ఇంకా ఎక్కువ రాసుంటే అదే పాటించండి.

వెదురుకి 40 నుంచి 60 శాతం తేమ హాయి. మన తీరంలో వర్షాల్లో 80 దాటడం మామూలే, అందుకే ఆషాఢ శ్రావణాల్లో వేయించొద్దంటా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. కోరాపుట్, జయపురం కొండల మీద వానాకాలం ఇంకా బలం, అక్కడివాళ్ళు సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. తప్పనిసరై వానల్లో వేయాల్సివస్తే గదిలో ఏసీ డ్రై మోడ్‌లో నడిపించి, మీటరు 65 కిందికి దిగాకే మొదలుపెట్టండి.

10. వేసే రోజు మీరు ఇంట్లో ఉండండి

మూడు నాలుగు డబ్బాలు ఒకేసారి తెరిపించి పలకలు కలగలిపి వేయించాలి. ఒకటి అయ్యాక ఇంకోటి తెరిస్తే గదిలో సగం ఒక ఛాయ, సగం ఇంకో ఛాయ వస్తుంది. మొదట జిగురూ బిగింపూ లేకుండా రెండు వరసలు ఊరికే పరిపించి, నిలబడి చూడండి. బాగా ముదురు, బాగా లేత ఉన్న పలకలు మంచం కిందికి, బీరువా కిందికి పంపేయండి. ఒకే చోట కణుపులన్నీ ఒక గీతలో వస్తే మెట్లలా కనబడుతుంది, పలక అటూ ఇటూ జరిపించండి.

పలకల పొడవు పెద్ద కిటికీ వైపుకి ఉంటే అతుకులు తక్కువ కనబడతాయి. గోడ చుట్టూ 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి, అది పట్టీ కింద దాగిపోతుంది. "సందు ఎందుకు సార్, టైట్‌గా కొట్టేద్దాం" అనే వడ్రంగి ఉంటాడు, ఒప్పుకోవద్దు, వానల్లో నేల మధ్యలోంచి పైకి లేస్తుంది. నేను చూశాను, హాలు మధ్యలో మనిషి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉబ్బింది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

రాత్రి లైట్లన్నీ ఆపేసి ఫోన్ టార్చ్ నేలకి ఆనించి వెలిగించండి. పూతలో బుడగలు, వేసేటప్పుడు పడ్డ గీతలు, ఎగుడుదిగుడు అంచులు అన్నీ నీడలతో సహా కనబడతాయి. వాటికి సుద్దతో గుర్తు పెట్టి, మిగతా డబ్బు ఇచ్చేముందే చూపించండి. తర్వాత పగలు నిలబడి మామూలుగా చూడండి. టార్చ్‌లో మాత్రమే కనబడి, నిలబడితే కనబడని వాటికోసం గొడవ పడొద్దు, అంత నున్నగా ఎవరిల్లూ ఉండదు. చెప్పుల్లేకుండా గదంతా ఒకసారి నడవండి, ఎక్కడ చప్పుడొస్తే, ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ గుర్తు.

మొదటి వానాకాలంలో ఒకసారి, మొదటి మే నెలలో ఒకసారి మళ్ళీ చూడండి. ఎండల్లో పలకల మధ్య వెంట్రుకంత సందు వచ్చి వానల్లో మూసుకుపోతే అది మామూలు, దాన్ని పుట్టీతో నింపించొద్దు, తర్వాత ఉబ్బి బయటికి తోసుకొస్తుంది. అంచులు పైకి లేచి పలక దోనెలా అయితే కింద నుంచి తేమ వస్తోందని అర్థం.

ఎక్కువమంది చేసే తప్పులు

రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ నేరుగా వెదురు మీద వేయడం. రబ్బరు పూతతో కలిసి పసుపు రంగు మరక పెడుతుంది, అది పోదు. నూలు పట్టా వేయండి, పాత చీరలతో అల్లినవి ఉంటాయే, అవి భేషుగ్గా ఉంటాయి.

ఫినాయిల్, యాసిడ్, వెనిగర్, ఆవిరి మాప్, ఇవేవీ వద్దు. ఊడ్చడం రోజూ, తుడవడం వారానికి రెండుసార్లు, గుడ్డ గట్టిగా పిండాక తుడిచిన తడి ఒక నిమిషంలో ఆరిపోవాలి. నిమిషం దాటినా తడి కనబడుతోందంటే గుడ్డ సరిగ్గా పిండలేదన్నమాట. పనమ్మాయికి ఇది చెప్పడం కాదు, ఒకసారి పక్కన కూర్చుని మీరే తుడిచి చూపించండి.

కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అంటించి మర్చిపోవడం ఇంకో తప్పు. ఆర్నెల్లకి అందులో ఇసుక దూరి అదే గరుకు కాగితంలా గీకుతుంది, మారుస్తూ ఉండాలి.

గీత పడగానే చెప్పు పాలిష్, మార్కర్ పెన్ను రుద్దడం. మ్యాట్ నేల మీద ఆ చోటు మాత్రమే మెరిసి ఇంకా ఎక్కువ కనబడుతుంది. కంపెనీ వాళ్ళ టచప్ ఏదైనా ఉంటే ముందు బీరువా కింద ఒక మూల పూసి, ఆరాక చూసి, అప్పుడు బయట వాడండి.

మిగిలిన డబ్బా అటక మీద పెట్టకండి, రేకుల కింద వేడికి పలకలు వంగిపోతాయి. అదే గదిలో మంచం కింద పడుకోబెట్టండి. రంగు పేరు, బ్యాచ్ నంబరు, కొన్న తేదీ ఒక చీటీ మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించేయండి, బిల్లు ఎలాగూ పోతుంది.